బూజుకర్ర తాళం

హలో… ఆ, నేనే… కింది వాటా మేడమ్‌నే. ఎవరమ్మా?… పై వాటా అమ్మాయివా? డ్రమ్ములు వాయించే అమ్మాయివా?… నువ్వు ఫోన్ చెయ్యడమేమిటి, ఫోన్ లేకుండానే రోజూ వినిపిస్తూ ఉంటావుగా.

…ఏడుస్తున్నావా?

ఒక్క క్షణం. — వదినా, టీవీ గొంతు కాస్త తగ్గించండి. పై వాటా అమ్మాయి… ఆ పిల్లే, మీ టీలో సున్నం పెచ్చు పడటానికి కారణమైన పిల్లే… సీరియల్ ఇంకా మొదలవలేదు వదినా, అవి ప్రకటనలు.

ఆ, చెప్పు… టీవీలో బ్యాండుల పోటీ… ఆఖరి రౌండు ఇవాళేనా?… ఇప్పుడేనా!… మీకు ముందు ఒక్క బ్యాండే ఉందా? మరి వేదిక వెనక నిలబడి నాతో మాట్లాడతావేమిటి తల్లీ, మంచినీళ్లు తాగి, ఊపిరి పీల్చుకుని—

బూజుకర్రా?

మళ్లీ చెప్పు… నా బూజుకర్ర చప్పుడు లేకపోతే నీ చేతిలో తాళం నిలవట్లేదా?

…ఆగు. ఒక్కొక్కటీ చెప్పు. నేను పైకప్పును కర్రతో కొడుతుంటే మీకు తోడుగా తాళం వేస్తున్నాననుకున్నారా?… బ్యాండు మొత్తం అనుకుందా?… ఆ జులపాల పాటగాడు కూడానా?… "మేడమ్‌కి మన సంగీతమంటే ప్రాణం" అన్నాడా!

అమ్మాయ్. నేను కొట్టింది మిమ్మల్ని ఆపమని.

…అవును. ఆర్నెల్లుగా ఆపమనే.

…లేదు లేదు, నొచ్చుకోకు. నాకిప్పుడు ఒక చిక్కుముడి వీడింది, అంతే. నేను కొట్టినకొద్దీ మీరెందుకు రెచ్చిపోయారో బోధపడింది. నేను కొడితే మీకు హుషారు. మీకు హుషారొస్తే నాకు కోపం. కోపమొస్తే నేను ఇంకా గట్టిగా కొట్టడం. అంటే, నా పైకప్పు పెచ్చులూడటానికి మూలకారణం నేనే. — వదినా, నవ్వకండి.

…తాళంలో ఎందుకు కొట్టానా? మంచి ప్రశ్న… చూడు, కోపంతోనే కొట్టాను. అయితే కోపమొచ్చింది కదా అని తాళం తప్పి ఎలా కొడతాను?

…ద్వేషమా? ఛ. రాక్ సంగీతం మీద నాకు ద్వేషం లేదు, అభిప్రాయాలున్నాయి… అడిగావు కనుక చెబుతాను. మొన్న టీవీలో మీ పోటీ కాసేపు చూశాను, వేదిక మీద ఆ పొగ దేనికి? వెనకాల ఎవరైనా వంట మాడ్చుకుంటున్నారా? మీ గిటారతను కళ్లు గట్టిగా మూసుకుని మెలికలు తిరుగుతాడే, అతన్ని పళ్ల డాక్టరు దగ్గరికి పంపేవాళ్లు ఎవరూ లేరా? ఇక ఆ పాటగాడు. "నన్ను వదిలెయ్, నన్ను వదిలెయ్" అని పాటంతా ఒకటే అరుపు. ఎవరమ్మా అతన్ని పట్టుకున్నది? ముప్పయ్యేళ్లు కాలేజీలో తర్కం చెప్పాను. వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి లేపడానికి కూడా అన్నిసార్లు ఒకే మాట అనలేదు.

…హమ్మయ్య, నవ్వావు. ముక్కు తుడుచుకో.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తాళం తప్పుతోందన్నావు. అన్నిచోట్లా తప్పదు. ఎక్కడ తప్పుతావో నాకు తెలుసు… మీ ప్రాక్టీసు చూడకపోతేనేం, విన్నాను కదా. మీ పాటగాడివి గట్టి మడమల బూట్లు. పాడుతూ ముందుకు నడుస్తాడు. టకటకా కిటికీ దాకా వెళతాడు. అక్కడ ఆగి గిరుక్కున వెనక్కి తిరుగుతాడు. ఆ బూట్లు తిరిగిన మరుక్షణం నీ డ్రమ్ములు పరుగందుకుంటాయి. ప్రతిసారీ అంతే. అతను తిరగని రోజున నువ్వు గడియారంలా వాయించావు. అందుచేత కారణం డ్రమ్ముల్లో లేదు, పాటలో లేదు. అతను తిరిగి నీ వంక చూడటంలో ఉంది.

…

ఏమిటా చప్పుడు, డ్రమ్ము పుల్లలు జారవిడిచావా?

…సరే, అది నీ సొంత విషయం. నాకు కావలసింది తాళం ఒక్కటే… అతనికి తెలియదులే. బూట్లేసుకుని తిరిగేవాడికి కింద ఏం వినిపిస్తోందో ఎప్పటికీ తెలియదు.

ఒక పని చెయ్యి. ఇవాళ వెనక్కి తిరగొద్దని చెప్పు… ఓహో. కెమెరా వాళ్లే తిరగమన్నారా… తిరిగి, నవ్వమని కూడా అన్నారా!… అయ్యో, నీ పని అయిపోయింది తల్లీ.

టిక్‌టిక్ మనే యంత్రం చెవిలో పెడతారట కదా?… పెట్టినా లెక్కచెయ్యవా?… నిజమే. దానికి కోపం రాదు, అందుకని నీకు భయం లేదు.

…ఏమిటీ? ఫోన్లో కొట్టాలా?… యంత్రం బదులు చెవిలో నా ఫోనా!… మోసం కాదూ?… ఊఁ. అందరూ చెవిలో టిక్‌టిక్ పెట్టుకునే వాయిస్తారంటావు. ఆ లెక్కన టిక్‌టిక్ యంత్రం చేసినా, రిటైరైన లెక్చరర్ చేసినా తేడా లేదు… లేదు, తర్కం నిలుస్తుంది. ఫోన్లో చప్పుడు కాస్త ఆలస్యంగా చేరినా, ప్రతి దెబ్బా ఒకేలా ఆలస్యమవుతుంది కనుక నష్టం లేదు.

కాని అమ్మాయ్, ఒక ఇబ్బంది ఉంది. ఇవాళ మా సీరియల్ ఆఖరి భాగం… వదినా నేనూ పదకొండేళ్లుగా చూస్తున్నాం. ఆ బిడ్డకి తల్లి ఏ కవల సోదరో ఇవాళ తేలుతుంది… అవును, మతి పోయినావిడే. అన్నీ మరిచిపోయిందట, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం మాత్రం మరిచిపోలేదు. ఎవరైనా తలుపు తీస్తే నడింట్లో ఉరుముతుంది, ఒక్కొక్కళ్ల మొహం మూడేసిసార్లు చూపిస్తారు… నచ్చి కాదు. తప్పులు పట్టడం మొదలుపెట్టాను, మానలేకపోయాను.

టీవీ చూస్తూ కొట్టనా?… ఉండు, కుదరదు. మా ఉరుములన్నీ ఫోన్లోంచి నీ చెవిలో పడతాయి. ఉరుముకి తాళం లేదు. అంటే ఇక్కడ చప్పుడు ఉండకూడదు. చప్పుడు లేకపోతే సీరియల్ లేదు.

…

— వదినా, ఒక్క మాట… విన్నారా మొత్తం?… అది కాదు, ఈ ఒక్క పాట సేపు… తెలుసు, తల్లెవరో తేలే రోజే… రిమోట్ ఇలా— వదినా? ఏం చేస్తున్నారు?… ఇది మన ఛానెల్ కాదే.

అమ్మాయ్, మా వదిన మీ పోటీ పెట్టేసింది… నేనడగలేదు, తనే. శబ్దం కూడా తీసేసింది… "తల్లెవరో రేపు లిఫ్టులో ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా" అంటోంది. టీలో సున్నం పడ్డ మనిషి!

అదిగో, మీరు వస్తున్నారు. ఆ చిరుగుల చొక్కా నీదేనా?… కొనేటప్పుడే చిరిగి ఉందా. సరే, తర్వాత మాట్లాడదాం. ఫోన్లో నువ్వు ముక్కు చీదడం అయిపోయింది, టీవీలో ఇప్పుడు చీదుతున్నావు. ఇవాళ్టి నుంచి ప్రత్యక్ష ప్రసారం అనే మాటను నేను నమ్మను.

ఇక నువ్వు మాట్లాడకు. విను. అతను తిరుగుతాడు. తిరగనీ. నవ్వుతాడు. నవ్వనీ. కావాలంటే నువ్వూ నవ్వు. చేతుల్ని మాత్రం నాకు వదిలెయ్. నేనింకా కోపంగానే ఉన్నాను, గుర్తుపెట్టుకో.

ఫోన్ నేల మీద పెడుతున్నాను.

— వదినా, ఆ చాప లాగెయ్యండి, చప్పుడు మెత్తబడుతుంది. కర్ర ఇటివ్వండి… కర్రకున్న బూజు దులపకపోతేనేం ఇప్పుడు!

ఠక్… ఠక్… ఠక్… ఠక్…

— చూశారా, మొదలుపెట్టింది. శబ్దం లేకపోతే రాక్ సంగీతం చూడటానికి బాగానే ఉంటుంది వదినా.

ఠక్… ఠక్… ఠక్… ఠక్…

— నడుస్తున్నాడు… ఆగాడు… తిరిగాడు! చూడండి చూడండి, ఎర్రబడింది పిల్ల… చేతులు?… ఆహా! చేతులు గడియారం!

ఠక్… ఠక్… ఠక్… ఠక్…

— ఎవరు వదినా, కింద నుంచి?… మన కింది వాటా లాయరుగారా? తన పైకప్పు కొడుతున్నారా?… మనల్ని ఆపమనేనా?… ఉండండి, విననివ్వండి…

ఠక్… ఠక్… ఠక్… ఠక్…

— కొట్టనివ్వండి. తాళంలోనే ఉన్నారు.