రంగు లేని రసం

నూజివీడు బస్టాండు పక్కన ఫోటో స్టూడియో. కెమెరా పట్టడం కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి, ఇంకా తడి ఆరని ఫోటో ఒకటి యజమాని ముందు పెట్టింది.

“మళ్ళీ మామిడేనా? నలుపు తెలుపు ఫిల్ములో పచ్చికాయైనా, పండైనా ఒకే బూడిదరంగు అని చెప్పానుగా!”

“పండని తెలిసేలా తియ్యి, అప్పుడు పెళ్ళిళ్ళకి పంపిస్తానని కూడా అన్నారు కదండీ.”

“అన్నాన్లే. ఇందులో అసలు కాయేదీ? ఎవరో పెద్దావిడ కళ్ళు మూసుకుని కూర్చుంది.”

“మా నాయనమ్మండీ. పండు ఆవిడ గుప్పిట్లో ఉంది.”

“మరి చేతి మీద ఈ మెరుపేంటి?”

“మోచేతి దాకా కారిందండీ. ఎండ పక్కనుంచి పడేలా కూర్చోబెట్టాను.”

“ఊఁ... బంగినపల్లైతే ముక్కలు కోసుకునేది. ఈవిడ ముచ్చిక కొరికేసి జుర్రుతోంది. చిన్నరసం! అదీ బాగా మాగిన పండు.”

“రంగు లేకుండా ఎలా చెప్పారండీ?”

“...ఆదివారం చాట్రాయిలో పెళ్ళుంది. కెమెరా నువ్వే పట్టు.”

“అలాగేనండీ! నోరూరినట్టుంది, ముందు మీరు మూతి తుడుచుకోండి మాస్టారూ.”