కాలనీ పంటకు గోడౌను తెరిపించిన రహిమున్నీసా గారు

1992 జూన్ 15వ తేదీన శ్రీమతి షేక్ రహిమున్నీసా గారు మన మిరప శుద్ధి కర్మాగారంలో నాణ్యతా పరీక్షా విభాగ సహాయకురాలిగా ప్రవేశించారు. చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లు కార్మికుని ఇంట జన్మించి, బి.ఎస్సీ. పట్టా పుచ్చుకొని, ప్రతిరోజూ బస్సులో గుంటూరు వచ్చిపోతూ ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన ఆనాటి యువతి, నేడు కొనుగోలు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. సత్తెనపల్లి గోడౌను బాధ్యుడిగా వారి వద్ద పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం గర్వకారణం.

పరీక్షా విభాగంలో పద్నాలుగేళ్ళు పనిచేసిన పిమ్మట వారు కొనుగోలు విభాగానికి బదిలీ అయ్యారు. అప్పట్లో మనం మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ల ద్వారానే సరుకు కొనేవాళ్ళం. దాన్ని పండించిన కౌలు రైతు ఎవరో, తొడిమలు తీసిన స్త్రీ ఎవరో మనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కనిపించలేదు. రహిమున్నీసా గారు మాత్రం పొలాలకు వెళ్ళారు. సత్తెనపల్లి సమీపాన ఒక కాలనీలో సెంటు భూమి లేని స్త్రీలు కొందరు కలిసి, పొలం కౌలుకు తీసుకొని మిరప వేస్తున్నారనీ, యార్డు దాకా వెళ్ళే దారిలేక కల్లంలోనే దళారీలకు అమ్ముకుంటున్నారనీ తెలుసుకొని, వారి పంటను నేరుగా కొనేందుకు యాజమాన్యాన్ని ఒప్పించారు.

తీరా తొలి లాటు తేమ పరీక్షలో తప్పింది. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, గేటు వద్దనుండే వెనక్కి వెళ్ళాయి. "వాళ్ళతో మనకు కుదరదండీ, వదిలేద్దాం" అన్నారు సమావేశంలో ఒక అధికారి.

"పెద్ద రైతు కాయ తడిగా వస్తే ఇంకో లాటు తెమ్మంటాం. వీళ్ళ కాయ తడిగా వస్తే ఏకంగా వీళ్ళనే వద్దంటున్నాం. ఇదెక్కడి న్యాయమండీ?" అని రహిమున్నీసా గారు అడిగారు. మరొక్క సీజను గడువు లభించింది. ఆ సీజనంతా వారు తమ సెలవు రోజులను కల్లాల్లోనే గడిపి, కాయ ఎండబెట్టే పద్ధతిని ఆ స్త్రీల పక్కన కూర్చొని నేర్పారు.

మార్చి నెలలో, కాయ చక్కగా ఎండిన సమయాన, అకాల వర్షం విరుచుకుపడింది. రహిమున్నీసా గారు, నేను జీపులో కాలనీకి చేరేసరికి కల్లం ఖాళీగా ఉంది. పంట కొట్టుకుపోయిందనుకున్నాను. తీరా చూస్తే ఇళ్ళ నిండా మిరపకాయలే! మంచాల మీద, వంటగట్ల మీద, దూలాల ఎత్తున ఎర్రటి రాశులు. మనుషులేమో పిల్లలను పొదువుకొని జల్లు కొడుతున్న వసారాల్లో నిలబడి ఉన్నారు.

"పిల్లల్ని తడిపి కాయల్ని దాస్తారా? ఎవరు చెప్పారమ్మా మీకిలా చెయ్యమని?" అన్నారు రహిమున్నీసా గారు.

ఆ బృందానికి పెద్దయిన కొండమ్మ తడిచిన కొంగు పిండుకుంటూ, "పిల్లలు తడిస్తే తుడుచుకుంటారండీ. కాయ తడిస్తే మళ్ళీ మీ గేటు కాడే ఆపేస్తారు గదండీ!" అంది.

అంతటి పట్టుదలను నేనెన్నడూ చూసి ఎరుగను. రహిమున్నీసా గారు కన్నీరు తుడుచుకొని, నావైపు తిరిగారు.

"గౌస్ బాషా గారూ, మన గోడౌను తాళం తీయించండి. లారీ పిలిపించండి."

"కొనని సరుకు లోపల పెడితే రేపు అడుగుతారు మేడమ్."

"అడిగితే నా పేరు చెప్పండి. ఉద్యోగం పోతే నాది పోతుంది."

పరదాలు కప్పిన లారీలో సాయంత్రానికల్లా కాయ గోడౌనుకు చేరింది, మనుషులు ఇళ్ళలోకి చేరారు. మర్నాడు మన డైరెక్టరు గారు ఆగ్రహంతో వచ్చి సంజాయిషీ అడిగారు. రహిమున్నీసా గారు వాదించలేదు. "ఒక్కసారి నాతో రండి సార్" అని కాలనీకి తీసుకువెళ్ళారు. ఘాటుకు ఇంకా దగ్గుతున్న పిల్లలను, ఎంత కడిగినా ఎరుపు వదలని గచ్చులను చూస్తూ ఆయన ఇంటింటికీ తిరిగారు. చివరకు, "పరీక్ష చేయించండి. నెగ్గితే మొత్తం మనమే కొందాం. వచ్చే ఏడు ఇక్కడే ఒక షెడ్డు వేయిద్దాం" అన్నారు. పరీక్షలో ఒక్క టిక్కీ కూడా తప్పలేదు.

ఆ షెడ్డు వెలిశాక కనిగిరి మెట్ట ప్రాంతపు కౌలు బృందాలు కూడా మనతో చేరాయి. ఏటా ధర, నాణ్యత నిర్ణయించే కమిటీలో నేడు కొండమ్మ గారు సభ్యురాలు. తొలి సమావేశంలో ఆవిడ గుమ్మం వద్దనే సంకోచించి ఆగిపోతే, రహిమున్నీసా గారు లేచి వెళ్ళి చేయి పట్టుకొని తెచ్చి తమ పక్క కుర్చీలో కూర్చోబెట్టడం మనమందరం చూశాం.

ఎండనక వాననక తిరిగిన ఆ పాదాలకు ఇకనైనా విశ్రాంతి లభించాలనీ, ఇన్నాళ్ళూ మేము పంచుకున్న వారి సమయమంతా భర్త షబ్బీర్ గారికీ, బిడ్డలకూ దక్కాలనీ, దైవం వారికి చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ నిండు నూరేళ్ళ ఆయుష్షునూ ప్రసాదించాలనీ మనసారా ప్రార్థిస్తున్నాం. మేడమ్, చల్లగా ఉండండి.