పూత మీద బేరం

రాయచోటిలోని ఒక షేర్ల ఆఫీసు. బల్లకు ఇటువైపు మామిడికాయల వ్యాపారం చేసే ఆమె, అటువైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి.

“ఏమప్పా, ఆప్షన్లు నాకెందుకు ఈయవు?”

“అది శానా చిక్కు యవ్వారం చిన్నమ్మా. షేరు ధర లేస్తాదా, పడతాదా అని ముందే బేరం పెట్టుకునేది. దుడ్డు తక్కువుండే చిన్నోళ్లు మునిగిపోతాండారని మా ఆఫీసులో అడ్డం పెట్టినారు. ఆదాయం చూపించల్ల, పరీక్ష రాయల్ల.”

“పెండ్లయిన కాడ్నుంచి పూత మీదనే తోటలు కొంటాండా. కాయ నిలుస్తాదో, గాలికి రాలతాదో ఆ వీరభద్రునికే ఎరుక. నాకు ఎవురు పెట్టినారు పరీక్ష?”

“నష్టం రాలేదా?”

“రాకుండా ఉంటాదా! ఒకసారి వడగండ్లకు తోటంతా నేలపాలైంది. గొలుసు అమ్మి రైతుకు కట్టినా. ఎవురి గడప ముందరా ఏడ్సలేదు. నా దుడ్డు, నా ఇష్టం.”

“సరే, తోట కొనేముందర ఏం చేస్తావు?”

“చెట్టుచెట్టూ తిరుగుతా. పూత నలిపి, పురుగు ఉండాదేమో చూస్తా.”

“మరి దీంట్లో యా చెట్టు కింద తిరుగుతావు చిన్నమ్మా?”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నువ్వు తిరిగినావా?”

“నేనా? లేదు.”

“మీ సారు?”

“ఆయనకు కూడా... అంతగా తెలీదులే.”

“మరి ఆదాయం ఉండేటోళ్లకు యా చెట్టు చూపించి అమ్ముతాండారు?”

“నెమ్మదిగా చిన్నమ్మా, సారు లోపలే ఉండాడు.”

“ఉంటే మంచిదే. ఇంకో కుర్చీ ఎయ్యి. పరీక్ష ఆయనా రాయల్ల, నేనూ రాస్తా.”