పళ్లెంలో రెండు తాళంచెవులు

సభకు పెద్దగా కూర్చున్న మన తెలుగు సంఘం అధ్యక్షులు విశ్వనాథం గారికి, మా యజమాని రవీంద్ర శేఠ్‌కు, వారి తల్లి భూదేవమ్మ గారికి, మాస్కులు కట్టుకుని ఎడం ఎడంగా కూర్చున్న కార్ఖానా వాళ్లందరికీ దండాలు. స్టీరింగు ముందు తప్ప ఎక్కడా కుదురుగా ఉండలేని డ్రైవరును, పని మానుకునే రోజున తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టారు. ఇక్కడికి వలస రాకముందు ఊరి బడిలో నేర్చిన నాలుగు తెలుగు ముక్కలున్నాయి, అవి అయిపోగానే దిగిపోతాను. (నవ్వులు)

ఇందాక శేఠ్ తమలపాకులు పరిచిన పళ్లెంలో రెండు తాళంచెవులు పెట్టి, "కాకా, ఏది మనసైతే అది తీస్కో, ఇగ నీదే" అన్నారు. ఒకటి మన దేశంలో తయారైన పాత బండిది, రెండోది ఓడలో దిగిన బయటి దేశం పెద్ద బండిది. పెద్దది తీసుకుని రేపే అమ్ముకోమని పక్కన కూర్చున్న సాంబయ్య నా చెవిలో ఊదాడు. సాంబయ్యా, ఆకు మీద పెట్టి ఇచ్చినదాన్ని బేరానికి పెడితే మర్యాద మిగలదయ్యా. తీసుకుంటే ఉంచుకోవాలి, ఉంచుకుంటే పోషించాలి. అందుకే ఇంకా చెయ్యి చాచలేదు.

దాచడమెందుకు, నా మనసు పెద్ద బండి మీదే ఉంది. అద్దాలు ఎత్తితే మన ఖటోదరా పేట మగ్గాల మోత కూడా లోపలికి రాదు. కిమ్ రోడ్డు మీద లారీ వచ్చి పక్కన గుద్దితే తలుపు సొట్టపడిందే గాని, లోపల ఉన్న మాలో ఎవరికీ గీత పడలేదు. ఆ గట్టితనం మన బండికి లేదు, ఉందంటే అబద్ధం. కాని దానికి బదులు తలుపు ఒక్కటి ఓడలో రావడానికి వానలు వెళ్లి దీపావళి దాటింది. చక్రం అరిగినా, బీమా కట్టినా, నూనె మార్చినా దానికి అన్నీ దొరల ఖర్చులే. పాత బండికి ఏటేటా వానకు తుప్పు పడుతుంది, తలుపు రెండుసార్లు కొడితేగాని పడదు. అయినా దాని సామాను ఏ సందులోనైనా దొరుకుతుంది, ఏ మిస్త్రీ అయినా చెయ్యి పెడతాడు.

ఈ ఏడు వేసవిలో ఈ మాస్కుల జబ్బు మళ్లీ ముదిరి ఊరంతా మూతపడినప్పుడు బండ్లు షెడ్డులోనే ఉండిపోయాయి. పెద్ద బండికి కవరు కొందామంటే భూదేవమ్మ గారు, "నేసేటోళ్లింట్ల బండికి బయటి గుడ్డ ఏందిరా?" అన్నారు. నిజమేననుకుని గంజి పెట్టిన మన నూలు తానునే దానికి నిండుగా చుట్టాం. అందరం మగ్గాల మధ్య పుట్టినవాళ్లమే, గంజికి ఎలుకలు వస్తాయని ఒక్కరికీ తట్టలేదు. (నవ్వులు) అమ్మగారూ, మీరు నవ్వితే ఇక తప్పు ఎవరిదీ కాదు.

ఆ రోజుల్లోనే నా భార్య పద్మారాణికి ఊపిరి అందలేదు. నేనూ జ్వరంతో మంచంలో ఉన్నాను. అంబులెన్సు రాలేదు. కబురు విని శేఠే షెడ్డుకు వచ్చి ముందు పెద్ద బండి తాళమే తిప్పారు. ఉలకలేదు. ఇంజను మూత ఎత్తితే వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. పాత బండి కొంచెం దగ్గి లేచింది. నేను స్టీరింగు వైపు పోతుంటే శేఠ్, "నువ్వు ఎన్కకు కూసో కాకా, జర చెల్లెను పట్టుకో" అన్నారు... క్షమించండి, చిన్నమ్మను అనబోయి తొందరలో చెల్లె అన్నారు. ఆ మాట నాకు చాలు.

(వెనక వరస వైపు తిరిగి)

ఆ తొవ్వంతా పద్మారాణి తల నా ఒడిలో ఉంది. దవాఖానలో మంచం దొరికింది, మనిషి దక్కింది. అదిగో, వెనక వరసలో కూర్చుంది.

శేఠ్, మీరు పెద్దదే ఇవ్వాలని చూస్తున్నారు, మీ కళ్లే చెబుతున్నాయి. దాన్ని మీరే ఉంచుకోండి, మీ పిల్లలకు ఆ గట్టితనం కావాలి. వారానికోసారి బయటికి తీయండి, గుడ్డ మాత్రం చుట్టకండి. నాకు పాతది ఇప్పించండి. నా పించనుతో నేను పోషించగలిగేది అదే.

(పళ్లెంలోంచి తాళంచెవి తీసుకుని)

ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఇంటికి, నన్ను మనిషిగా చూసిన మీ అందరికీ నా నమస్కారాలు. రేపు పొద్దున పద్మారాణి ముందు సీట్లో కూర్చుంటుంది. ఎక్కడికి పోవాలని ఆమెను నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. రేపు అడుగుతాను. ఇక సెలవు.