మానేదే అన్నాడు

ఎవరే, మూడువేళ్లాయన గురించా? అబ్బో, ఆయన పోయి ముప్పయ్యేళ్లు దాటింది, నీకెవరు చెప్పారు? మీ అమ్మేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. సిద్ధవైద్యుడులే, మన కింద వాటాలో ఉండేవాడు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, "నిన్న ఎవరిమీద అరిచావు?" అని అడిగేవాడు. మీ తాతని ఆ ప్రశ్న అడగడమే దండగ. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని కదా, ఒక్క ఒత్తు తలకిందులైతే వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేవారు. రక్తపోటు రాక ఏమొస్తుంది మరి! ఆస్పత్రిలో డాక్టరు మాత్రలిచ్చాడు. నేనే బతిమాలి ఈయన దగ్గరికీ తీసుకెళ్లాను. "ఉప్పు సగం చెయ్యి, పొద్దున్నే నడువు, ఈ చూర్ణం తేనెలో వేసుకో, కోపం వస్తే పది ఊపిర్లు లెక్కపెట్టు" అన్నాడు. "నేను పది లెక్కపెట్టేలోపు వాడు పారిపోడూ!" అని మీ తాత. ఆ, ఎక్కడున్నాను? అదే, ఆ మాట దగ్గర. ఎడంచెయ్యి ఆయన వేళ్ల కింద ఉంది, కుడిచేతిలో మాత్రల అట్ట. ఆ అట్ట ఊపుతూ "ఇది మానేదేనా బాబాయిగారూ?" అన్నారు మీ తాత. ఆయన కళ్లు మూసుకునున్నాడాయె! జబ్బు సంగతనుకుని "మానేదే, ఓపిక పట్టాలి" అన్నాడు. అంతే, ఇంటికొచ్చీ రాగానే అట్ట చెత్తబుట్టలో పడింది. "బాబాయిగారు మానెయ్యమన్నారు" అని నాకో ముక్క చెప్పారు. నేనూ నమ్మాను చూడు, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నాలుగోరోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకుంటూ గోడకి జారబడిపోయారు. మాట ముద్దగా వస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మెట్ల దగ్గర్నించే కిందాయన్ని కేకేశాను. చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి, వేళ్లు ఆనించి, "మాత్ర వేసుకున్నాడా?" అన్నాడు. "మీరేగా మానేదే అన్నారు!" అన్నాను. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "రోగం మానేదే అన్నానమ్మా! మాత్ర కాదు!" ఇంకొకడైతే తన తప్పేం లేదని అక్కడే పంచాయతీ పెట్టేవాడు. ఈయన మీ తాత నడుం పట్టుకుని మెట్లు దింపి, ఆటోలో కూలేసి, డాక్టరు ఎదురుగా నిలబడి, "తప్పు నాది. ఏం చూపిస్తున్నాడో చూడకుండా జవాబిచ్చాను" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో చెప్పు!

సాయంత్రానికి పోటు దిగింది. కళ్లు తెరిచి మీ తాత అడిగిన మొదటి మాట, "ప్రూఫులు ఏ వెధవ చూశాడు?" అని. అమ్మయ్య, తిట్టే మనిషి తిరిగొచ్చాడనుకుని బయటికొచ్చాను. మూడువేళ్లాయన బల్లమీద చెమటలు కక్కుతూ కూర్చునున్నాడు. నర్సమ్మ జాలిపడి, "మీకూ ఓసారి చూస్తాను తాతగారూ" అని చేతికి పోటు కొలిచే పట్టీ కట్టింది. కట్టి, కళ్లింత చేసుకుని, "ఏవండోయ్, ఈయనది మీ ఆయనకన్నా ఎక్కువుంది!" అంది. అందరి చేతులూ పట్టుకున్నాడు గానీ, తన చెయ్యి చూసుకునే తీరిక ఏదీ ఆయనకి! పక్కపక్క మంచాల మీద ఇద్దర్నీ పడుకోబెడితే, ఏడుపో నవ్వో నాకే తెలీలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు, మూడువేళ్లాయన రోజూ పొద్దున్నే మన గుమ్మంలో నిలబడి, మాత్ర నాలుక మీద పెట్టుకుని, చాపి మరీ నాకు చూపించి మింగేవాడు, చిన్నపిల్లాడిలా...

ఆ కిటికీ వెయ్యవే, జల్లు కొడుతోంది.