తెగిన లైను

కోడిగుడ్లు పొదిగించే గదిలో పాత కంప్యూటర్ ముందు వదినా మరిదీ నిలబడి ఉన్నారు. పొదిగే పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది.

"దాని జోలికి పోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు వదినా. అందులో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ మరీ పాతది. ఎవడైనా దూరతాడని కొత్తది వేద్దామనుకున్నా."

"దూరి ఏం చేస్తాడు, గుడ్లు పొదుగుతాడా? సరే, ఇక్కడికొచ్చి వేయడానికేం రోగం?"

"ఇంట్లోంచే వేశాను. పాతది తీసేస్తేగానీ కొత్తది ఎక్కదు. పాతది తీయగానే లైను తెగింది. ఇంక కంప్యూటర్ నాకు అందలేదు."

"అంటే నిలబడ్డ నిచ్చెనని నువ్వే లాగేసుకున్నావు. ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం."

"సాయంత్రం పెట్టెలో ఫ్యాన్ ఆగిపోయింది. వేడెక్కితే ఆ లైను మీదే కదా నా ఫోన్‌కి కబురు రావాలి? రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నా. లైను తెగిందని ఒక్క మాట చెబితే నోరు అరిగిపోయేదా?"

"తిడతావని..."

"తిట్టేదాన్నే! తిడుతూనే పరిగెత్తుకొచ్చి గుడ్లు కాపాడుకునేదాన్ని."

"కొన్నైనా బతికుంటాయి వదినా."

"అయితే ఆ లైటు పట్టుకో. పన్నెండో రోజు గుడ్లవి, లోపల పిల్ల కదలాలి. కదిలేవి ఇటు పెట్టు, కదలనివి అటు."

"నాలుగు వేలున్నాయి!"

"నాకు చెబుతున్నావా? పేర్చింది నేనే."

అతడు మొదటి గుడ్డును లైటుకు ఆనించి చాలాసేపు చూశాడు.

"కదిలిందా?"

"ఇంకాస్త చూస్తాను వదినా."

"చూస్తూ కూర్చుంటే ఏం లాభం? కదిలిందా లేదా?"

"లేదు."

"అటు పెట్టి, ఇంకోటి తీయి."