పీరమ్మ పలికించిన స్పీకర్ల జత

పీరమ్మ పరుపులు కుట్టే మనిషబ్బా, ప్రొద్దుటూరు పక్క పల్లెలో. మొగుడు దస్తగిరి రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేటోడు. రెండేండ్లుగా చేతులు వణుకుడు పట్టి అంగడి మూసేసినాడు. పెండ్లికి ముందు కొనుక్కున్న స్టీరియో స్పీకర్లు ఒక జతుండాయి ఆయప్పకి, నడుమెత్తు టేకు పెట్టెలు, ఎన్నేండ్లనుంచో మూగబోయి మూలన పడుండాయనుకో. ఒక దినం పాతసామాన్లోడు కేకేస్తే, "రాప్పా, ఇవి తీసకపో" అన్నాడంట. పీరమ్మ గడపకడ్డం నిలబడింది. ఎందుకియ్యాల అనింది. "ఇంకెవురు బాగుచేస్తారు మే? నా చేతులు చూడు." "నీయి కాకపోతే నా చేతుల్లేవా?" ఆయప్పకి రోసమొచ్చింది. "పరుపనుకుంటివా?" అని గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. ఇంక ఒక్క మాట చెప్తే ఒట్టు.

పెట్టె ఇప్పితే ఏముందంటే, లోపలంతా దూదే! "చూడయ్యా, ఇదీ పరుపే" అని నవ్విందంట. ఆయప్ప నవ్వలే. ఎలకలు పాడుచేసిన దూది పీకి కొత్తది ఏకి పెట్టింది, ముందరి గుడ్డ కొత్తది కుట్టింది. లోపల గిన్నె మాదిరి నల్లకాగితం ఉంటాదే, దాని చుట్టూ అంచు ముట్టుకుంటే పొడైపోతాంది. పల్చటి గుడ్డ గుండ్రంగా కత్తిరించి, ఆరినా సాగే బంక పూసి అతికించింది. మోగిస్తే బర్రుబర్రుమని గీరతాంది. పీకింది, మళ్లీ అతికించింది. మళ్లీ గీరింది. మూడోతూరి నడిమధ్య తీగచుట్ట చుట్టూ సన్నంగా కాగితం ముక్కలు దోపి, సరిగ్గా నడుమ నిలబెట్టి అతికించింది. గీరడం పోయింది. రెండో పెట్టెకీ అట్లే చేసింది. ఎంత ఓపికబ్బా ఆయమ్మకి!

ఆ పొద్దు టేపులో డోలు వాయిద్యం పెట్టింది. ఏమైందంటే, ఒక్కోటి వింటే బాగుంది, రెండూ కలిపితే డోలు దెబ్బే లేదు, తపేలా కొట్టినట్టుంది. పద్నాలుగు దినాల చాకిరీ. కింద కూలబడి, "నాకు చేతకాలేదులేయ్యా, ఆ సామాన్లోణ్ణే పిలువు" అని ఏడ్చేసింది. ఆయప్ప ఉండలేక లేసి కూర్చున్నాడంట. "మే, టార్చిలైటు సెల్లు తియ్. తీగలకి ఆనించు." ఆనిస్తే కాగితం ముందుకు దూకింది. "రెండోదానికీ అట్లే." అది ఎనక్కి పోయింది. "అదీ సంగతి! ఒకటి తోస్తాంటే ఒకటి గుంజతాంది. ఆ రెండోదానికి తీగలు తిరగేసినావు." "ముందే చెప్పొచ్చు గదా?" "నా చేతుల్తో చేయలేనిది నువ్వు చేస్తాంటే... మాట రాలేదు మే" అని తల దించుకున్నాడు. ఆయమ్మ కండ్లు తుడుచుకుని తీగలు మార్చింది. సామీ, డోలు దెబ్బకి గూట్లో గ్లాసులు గలగలలాడినాయి! పెండ్లెవురిదని వీధంతా వచ్చింది. "బాగుచేసింది ఆయమ్మే, నేను కాదు" అని వచ్చినోళ్లందరికీ చెప్పినాడు.

ఇప్పుడు చుట్టుపక్కల పాత పెట్టెలన్నీ ఆ ఇంటికే వస్తాండాయి. ఆయప్ప మంచం మీంచి చెప్తాడు, ఆయమ్మ చేస్తాది. నేను పోయిన నెల కుట్టమనిచ్చిన పరుపు ఇంకా ఆడ్నే ఉంది, చాప మీద పండుకుంటాండా. అడుగుదామని పోతే ఆ డోలు వినిపిస్తారు, అడక్కుండానే వచ్చేస్తాండా.